ముఖలింగం నుంచి రామతీర్థం దాకా: పాత గుళ్లను నిదానంగా చూసే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాత గుళ్లకు వెళ్లేవాళ్లలో చాలామంది దర్శనం చేసుకుని, ప్రసాదం పుచ్చుకుని గంటలో బయటపడతారు. మొక్కు తీర్చుకోవడానికి అది చాలు. గుడిని చూడాలంటే మాత్రం ఒక విషయం ముందే మనసులో పెట్టుకోవాలి: దర్శనానికి పనికొచ్చే వేళ వేరు, రాతిని చూడటానికి పనికొచ్చే వేళ వేరు. దర్శనానికి తలుపులు తెరిచి ఉండాలి, చూడటానికి వెలుగు వాలుగా పడాలి. ఈ రెండూ కుదిరేలా రోజును పేర్చుకోవడమే ఇక్కడ అసలు పని. మిగతావన్నీ బస్సులు, నీళ్ల సీసాలు, చెప్పుల సంచీ.

ఎన్ని రోజులు, ఏ వరుసలో

హడావిడి లేకుండా చూడటానికి మూడు రోజులు కావాలి. మొదటి రోజు శ్రీకాకుళం చుట్టుపక్కల: అరసవల్లి, శ్రీకూర్మం, ఓపిక ఉంటే శాలిహుండం. రెండో రోజు పూర్తిగా ముఖలింగానికే. మూడో రోజు విజయనగరం చేరి రామతీర్థం. రెండు రోజులే ఉంటే అరసవల్లిలో దర్శనంతోనే సరిపెట్టుకోండి, ముఖలింగాన్ని మాత్రం తగ్గించకండి. ఒకప్పుడు కళింగను ఏలిన తూర్పు గాంగ రాజుల పనితనం ఆంధ్ర వైపు ఇంత నిండుగా ఇంకెక్కడా కనిపించదు.

కొత్తగా వచ్చేవాళ్లు మొదట తికమకపడేది రైల్వే స్టేషన్ దగ్గర. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కణ్ణుంచి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి సుమారు 13 కిలోమీటర్లు. తెల్లవారుజామున దిగితే ఆటో, బస్సుల కోసం అరగంట నుంచి ముప్పావుగంట కలుపుకోండి. అరసవల్లి ఊరికి ఆనుకునే ఉంది. శ్రీకూర్మం గార మండలంలో, పట్నానికి దాదాపు 14 కిలోమీటర్ల దూరం. ముఖలింగం జలుమూరు మండలంలో, నరసన్నపేట మీదుగా వెళ్తే 45 కిలోమీటర్లు దాటుతుంది. రామతీర్థం విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా 12 కిలోమీటర్లు.

పల్లె రూటు బస్సులతో ఒకే జాగ్రత్త: దిగగానే తిరుగు బస్సు ఎన్ని గంటలకో, ఆఖరి బస్సు ఏదో కండక్టర్ని అడిగి రాసుకోండి. ముఖలింగంలో సాయంత్రం వెలుగు బాగుందని ఉండిపోయి, చీకటి పడ్డాక నరసన్నపేట దాకా ఆటో బేరమాడాల్సి రావడం మామూలే. ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే ఆ ఒక్క రోజుకూ బండి మాట్లాడుకోవడమే మేలు.

కాలం సంగతికొస్తే కార్తీకం నుంచి మాఘం దాకా బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పదింటికల్లా గుడి ఆవరణలో బండలు కాలిపోతాయి, చెప్పులు లేకుండా ప్రదక్షిణ చేయలేరు. అక్టోబరులో వాయుగుండాలొస్తాయి కనుక ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి. మహాశివరాత్రికి ముఖలింగం, రథసప్తమికీ ఆదివారాలకూ అరసవల్లి, డోలోత్సవానికి శ్రీకూర్మం, శ్రీరామనవమికి రామతీర్థం కిటకిటలాడతాయి. ఉత్సవం చూడాలనుకుంటే ఆ రోజులే వెళ్లండి. శిల్పం చూడాలంటే ఆ వారం దగ్గరికే పోకండి.

సంచీలో ఏముండాలి

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, తల మీదికి తువ్వాలు, చెప్పులు పెట్టుకునే గుడ్డ సంచీ, చిల్లర నోట్లు. చూడటానికి: వెలుగు సన్నగా ఒకేచోట పడే చేతి టార్చి, ఎనిమిది రెట్లు చూపించే చిన్న బైనాక్యులర్, ఫోన్‌లో దిక్సూచి, 30 సెంటీమీటర్ల స్కేలు, గీతల్లేని నోటు పుస్తకం. బైనాక్యులర్ లేకుండా శిఖరం చూడటం వృథా. మెడ నొప్పి తప్ప ఏమీ దక్కదు. ఫోన్‌లో మ్యాపు ముందే దించుకోండి, కొండల వెనక సిగ్నల్ ఉండకపోవచ్చు. మగవాళ్లు పంచె లేదా పొడుగు ప్యాంటు, ఆడవాళ్లు చీర లేదా చుడీదారు వేసుకుంటే ఎక్కడా అభ్యంతరం రాదు.

వెలుగు లెక్క

గోడకు ఎదురుగా ఎండ కొడితే శిల్పం చదునుగా కనిపిస్తుంది. గోడను రాసుకుంటూ వెలుగు పోతేనే మడతలు, గాట్లు, అక్షరాలు పైకి తేలుతాయి. అందుకని తూర్పు గోడను సూర్యోదయం అప్పుడు కాక, ఎండ పైకెక్కిన తరువాత పది, పదకొండు గంటల మధ్య చూడండి. పడమటి గోడకు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర వరకు బాగుంటుంది. దక్షిణపు గోడకు చలికాలంలో దాదాపు పగలంతా వెలుగుంటుంది, పొద్దున్నా సాయంత్రమూ పక్కవాటుగా పడుతుంది. ఉత్తరపు గోడ చలికాలమంతా నీడలోనే ఉంటుంది. ఈ జిల్లాలు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి కనుక మే నడుమ నుంచి జూలై చివరి దాకా మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా పోతాడు, అప్పుడు ఆ గోడ వెలుగు చూస్తుంది. మిగతా నెలల్లో ఉత్తరపు గోడకు టార్చే గతి.

తలుపులు సాధారణంగా మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో మూసి, మూడు నాలుగు గంటలకు తెరుస్తారు. కాబట్టి ఉదయం ఎనిమిదిలోపు దర్శనం ముగించి, ఎండ ఎక్కాక బయటి గోడలు మొదలుపెట్టండి. విరామంలో ఆవరణ తెరిచి ఉంచితే అదే మీకు బంగారం లాంటి సమయం, జనం ఉండరు. ఆవరణ కూడా మూసేస్తారేమో వెళ్లగానే కావలివాణ్ణి అడగండి.

అరసవల్లి: వెలుగునే చూసే గుడి

ఇప్పుడు కనిపించే కట్టడం చాలావరకు 18వ శతాబ్దం తరువాతి పునర్నిర్మాణం. అందుకని పాత శిల్పం కోసం ఇక్కడ వెతకనక్కర్లేదు. ప్రత్యేకత సూర్యకిరణాలది. మార్చిలో 9, 10, 11 తేదీల ప్రాంతంలో, అక్టోబరు 1, 2, 3 తేదీల ప్రాంతంలో ఉదయపు కిరణాలు ద్వారం గుండా వచ్చి మూలవిరాట్టును తాకుతాయి. ఏడాదిలో రెండుసార్లే ఎందుకంటే, ఈ రెండు వేళల్లోనూ సూర్యుడు నడితూర్పుకు దాదాపు నాలుగు డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. ఒకసారి ఉత్తరానికి పోతూ, ఇంకోసారి దక్షిణానికి తిరిగొస్తూ అదే గీత మీదికి వస్తాడు. ఆ రోజుల్లో ఉదయించే చోటు రోజుకు 0.4 డిగ్రీ చొప్పున జరుగుతుంది కనుక మూడు రోజులు దాటితే కిరణం పక్కకు పోతుంది.

దీనికోసమే వచ్చేవాళ్లు ఒక్క రోజును నమ్ముకోకూడదు. మబ్బు పడితే ఏమీ కనిపించదు, అక్టోబరులో ఆ ప్రమాదం ఎక్కువ. మార్చి విడతకు మూడు రోజులూ ఉండేలా గది తీసుకోండి. తెల్లారకముందే వరుసలో ఉండాలి, ఉన్నా అందరికీ కనబడే చోటు దొరకదు, వెలుగు నిలిచేది నిమిషాలే.

శ్రీకూర్మం: స్తంభాల మధ్య చదువు

విష్ణువును కూర్మరూపంలో పూజించే ఈ గుడిలో స్వామి పడమటికి తిరిగి ఉంటాడు. తూర్పున ఒకటి, పడమట ఒకటి ధ్వజస్తంభాలు ఉండటం అందరూ గమనించేదే. గుడి ముందున్న శ్వేత పుష్కరిణిలో అస్థికలు కలపడానికి జనం వస్తుంటారు. ఆ వైపు ఫోన్ ఎత్తకుండా ఉండటం మర్యాద.

అసలు చూడాల్సింది ప్రదక్షిణ మండపంలోని నల్లరాతి స్తంభాలు, వాటి మీది శాసనాలు, గోడల మీది పాత వర్ణచిత్రాలు. ఏ రెండు స్తంభాలూ ఒకేలా ఉండవని ఊళ్లో చెబుతారు. ఒక వైపు నుంచి మొదలుపెట్టి వరుసగా అంకెలు వేసుకుంటూ, అడుగుభాగం, నడిమి పట్టె, బోదె (స్తంభం పై దిమ్మె) మూడింటినీ విడివిడిగా గీసుకుంటే ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో మీకే తేలుతుంది. మధ్వ పీఠానికి చెందిన నరహరి తీర్థులు 13వ శతాబ్దంలో గాంగుల పక్షాన ఈ ప్రాంతాన్ని పాలించారు. ఆయన ఇక్కడ యోగానంద నరసింహుని ప్రతిష్ఠించిన శాసనం శక సంవత్సరం 1203 నాటిది, అంటే క్రీ.శ. 1281.

శాసనాల్లో తేదీ పట్టుకోవడం నేర్చుకుంటే గుడి చరిత్ర సగం విప్పుకుంటుంది. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం. పుష్యం చివర నుంచి ఫాల్గుణం దాకా అయితే 79 కలపాలి, ఎందుకంటే శక సంవత్సరం చైత్రంతో మొదలవుతుంది, ఇంగ్లీషు ఏడాది అప్పటికే మారిపోయి ఉంటుంది. చాలాచోట్ల అంకెలకు బదులు మాటలుంటాయి: ఖ, వియత్ అంటే సున్న, శశి ఒకటి, నేత్ర రెండు, రామ, గుణ మూడు, వేద నాలుగు, బాణ అయిదు, రస ఆరు, ముని ఏడు, వసు, గజ ఎనిమిది, నంద, నిధి తొమ్మిది. వీటిని కుడి నుంచి ఎడమకు పేర్చాలి. ఉదాహరణకు ‘రామ ఖ నేత్ర శశి’ అని ఉంటే వరుసగా 3, 0, 2, 1, తిప్పితే 1203.

తరువాతి గాంగుల శాసనాల్లో రాజు ఏలుబడి ‘అంక’ సంవత్సరాల్లో ఉంటుంది, అక్కడ తప్పు లెక్కేయడం సులువు. అంక లెక్కలో 1 ఉండదు. 6తో ముగిసే అంకెలు ఉండవు. సున్నతో ముగిసేవి కూడా ఉండవు, ఒక్క 10 తప్ప. కాబట్టి 2వ అంక అంటే మొదటి ఏడు, 7వ అంక అంటే అయిదో ఏడు. ఈ దాటవేతలు తీసేయకుండా సూటిగా లెక్కేస్తే ఏలుబడి ఏళ్లు ఎక్కువ చూపిస్తాయి.

అక్షరాలు కనబడకపోతే నీళ్లు చల్లడం, సుద్ద, పిండి, నూనె పూయడం చేయకండి. నూనె రాతిలోకి ఇంకి దుమ్మును పట్టి ఉంచుతుంది, సుద్ద గాట్లలో గట్టిపడుతుంది. పాత సున్నం అక్షరాల్లో నిండి ఉన్నా గోటితో గీకకండి, సున్నంతో పాటు రాతి పొర ఊడుతుంది. టార్చిని గోడకు దాదాపు ఆనించి, ఒక పక్క నుంచి మాత్రమే వెలుగు పంపండి. ఎడమ నుంచి ఒక ఫొటో, కుడి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీయండి. ఫోన్ రాతికి సమాంతరంగా ఉండాలి, స్కేలు ఫ్రేములో కనబడాలి, ఒక్కో ఫొటోలో ముందు ఫొటోలోని భాగం మూడోవంతు మళ్లీ రావాలి. అలా అయితేనే ఇంటికెళ్లాక కలిపి చదవగలరు. తడి కాగితంతో అచ్చు తీయడం పురావస్తు శాఖ అనుమతి ఉన్నవాళ్లు చేసే పని. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలు దక్షిణ భారత శాసనాల 5వ సంపుటంలో అచ్చయ్యాయి. వెళ్లేముందు వాటిలో ఒకటి రెండు చదివిపెట్టుకుంటే స్తంభం మీద వెతుక్కోవడం తేలిక.

గుడిలోని నక్షత్ర తాబేళ్లను ఎత్తుకుని ఫొటో దిగకండి. అవి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవులు.

ఇంకా వెలుగుంటే వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఎక్కండి. అది బౌద్ధ స్థలం. ఇటుక స్తూపాలు, చైత్యాలు, కొండ మీద మ్యూజియం ఉన్నాయి. ఈ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే ఆయన అందరికీ తెలుసు, ఈ సంగతి బడి పుస్తకాల్లో పెద్దగా రాదు.

ముఖలింగం: రోజంతా

వంశధార ఎడమ గట్టున ఉన్న ఈ ఊరే తూర్పు గాంగుల కళింగనగరమని చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. 1078లో పట్టాభిషేకం చేసుకున్న అనంతవర్మ చోడగంగదేవుడు తరువాత రాజధానిని కటకానికి (ఇప్పటి కటక్) మార్చేదాకా అధికారం ఇక్కడిదే. మూడు గుళ్లున్నాయి: మధుకేశ్వరం, సోమేశ్వరం, భీమేశ్వరం. మూడూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. నిత్యపూజ జరిగే పెద్ద గుడి మధుకేశ్వరం.

చూసే వరుస ఇలా పెట్టుకోండి. పొద్దున్నే మధుకేశ్వరుని దర్శనం. తరువాత ఊరి మొదట్లోని సోమేశ్వరానికి నడిచి వెళ్లండి, ఎందుకంటే నేర్చుకోవడానికి అది తేలిక. ముందు మండపం లేకుండా ఒక్క శిఖరమే నిలబడి ఉంటుంది, కళింగ దేవళం నిర్మాణమంతా అడ్డం లేకుండా కనబడుతుంది. అక్కడ కళ్లు అలవాటు పడ్డాక మధుకేశ్వరానికి తిరిగొచ్చి రెండు మూడు గంటలు గడపండి. భీమేశ్వరం చివర్లో చాలు, అలంకారం తక్కువ.

దేవళం ముందు నిలబడి కింది నుంచి పైకి చదవాలి. నిటారుగా లేచే గోడ భాగం బాడ. లోపలికి వంగుతూ పైకి పోయే శిఖరం గండి. దాని నెత్తిన గాడులు గాడులుగా ఉసిరికాయలా ఉండే గుండ్రాయి అమలకం, ఆపైన కలశం. మన దక్షిణాది గోపురంలో అంతస్తులు మెట్లు మెట్లుగా విడిపోయి కనబడితే, ఇక్కడ నిలువు గీతలు అడుగు నుంచి అమలకం దాకా తెగకుండా పోతాయి. ఆ నిలువు ఉబ్బులను రథాలంటారు. ఒక వైపు గోడకు మూడుంటే త్రిరథం, అయిదుంటే పంచరథం. మూలల్లో శిఖరం పొడవునా చిన్న చిన్న అమలకాలుంటాయి. వాటిని లెక్కపెడితే శిల్పి ఎన్ని భూములు, అంటే అంతస్తులు, ఉద్దేశించాడో తెలుస్తుంది. బైనాక్యులర్ అవసరం ఇక్కడే.

తరువాత మూడు వైపుల గోడ నడిమి గూళ్లు. కళింగ శివాలయాల్లో వాటిలో ఉండేది వినాయకుడు, కుమారస్వామి, పార్వతి. తూర్పు ముఖంగా ఉన్న గుడిలో దక్షిణాన వినాయకుడు, వెనక పడమట కుమారస్వామి, ఉత్తరాన పార్వతి. గుడి వేరే దిక్కుకు తిరిగి ఉంటే ఈ అమరిక మారుతుంది, అందుకే ముందు దిక్సూచి చూసుకోమనేది. గూటికి బొమ్మ సరిపోక వదులుగా ఉన్నా, రాతి రంగు వేరుగా ఉన్నా, అది తరువాత తెచ్చి పెట్టినదై ఉండవచ్చు.

ద్వారం దగ్గర కనీసం పావుగంట ఆగండి. ద్వారబంధం అడుగున మొసలి లాంటి మకరం మీద గంగ, తాబేలు మీద యమున ఉంటారు. పై పట్టె నడుమ గజలక్ష్మి, దానిపైన గ్రహాల వరుస. ఈ గ్రహాలను లెక్కపెట్టడం మరచిపోవద్దు. భువనేశ్వరంలోని పరశురామేశ్వరం లాంటి తొలి గుళ్లలో ఎనిమిదే ఉంటాయి, కేతువు తరువాత చేరాడు. కాలం అంచనా వేయడానికి ఇంత సులువైన గుర్తు మరొకటి లేదు, అయితే పట్టె విరిగి ఉందేమో ముందు చూసుకోండి. విరిగిన పట్టెలో ఎనిమిది కనబడినంత మాత్రాన గుడి పాతదైపోదు.

మధుకేశ్వరం ఆవరణలో మూలల్లో ఉన్న చిన్న గుళ్లను వదిలేయకండి. పెద్ద గుడి మీద సున్నాలు, మరమ్మతులు కప్పేసిన చెక్కడాలు వీటి మీద శుభ్రంగా మిగిలి ఉండవచ్చు. వారాహి అమ్మవారి దర్శనం అడిగి చేసుకోండి. ఆమె సప్తమాతృకలనే ఏడుగురు తల్లుల్లో ఒకరు. శివాలయంలో వాళ్ల జాడ శాక్త సంప్రదాయం, అంటే అమ్మవారి ఆరాధన, ఇక్కడ ఎంత దగ్గరగా నడిచిందో చెబుతుంది.

ఫొటోల విషయంలో గొడవలు ఎక్కువగా గర్భగుడి దగ్గరే వస్తాయి. లోపల తీయకూడదు. బయట చేతి కెమెరా, ఫోన్ వరకు అడ్డు ఉండదు, కానీ స్టాండు పెట్టాలన్నా డ్రోన్ ఎగరేయాలన్నా పురావస్తు శాఖ రాతపూర్వక అనుమతి ముందే తెచ్చుకోవాలి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా చట్టంలో ఉన్నాయి. గోడ మీద పేరు గీకడం కూడా పాడుచేయడమే.

రామతీర్థం: కొండల మీది జైనం

రాముడి గుడి కొండ కింద ఉంది. కోనేరు పక్క నుంచి లేచేది బోడికొండ. దాని మీది కోదండరాముని గుడి ఇటీవల కొత్తగా కట్టినది. దగ్గర్లోనే గురుభక్తులకొండ, దుర్గకొండ. గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల ఇటుక శిథిలాలు, బోడికొండ, దుర్గకొండల మీద సహజ గుహల్లో జైన విగ్రహాలు ఉన్నాయి. దుర్గకొండ గుహలో కన్నడంలో ఒక శాసనం ఉంది. 1011 నుంచి 1018 దాకా వేంగిని ఏలిన తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని గురువు, దేశిగణమనే జైన మునుల శాఖకు చెందిన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ రామకొండకు వందనం చేశాడని అందులో ఉంది. అంటే వెయ్యేళ్ల కిందటే ఇది జైనులకు తీర్థం, అప్పటికే పేరు రామకొండ.

దర్శనం కింద ముగించుకుని ఉదయం ఏడింటికల్లా ఎక్కడం మొదలుపెట్టండి. పది తరువాత బండ వేడెక్కుతుంది. గుహల దారులు సరిగా కనబడవు, ఊళ్లో దారి తెలిసినవాళ్లను వెంటబెట్టుకోండి, వాళ్లకివ్వాల్సింది ముందే మాట్లాడుకోండి. వానాకాలంలో నాచు పట్టిన బండ మీద జారతారు. రాతి చూరు కింద తేనెపట్టు ఉందేమో తలెత్తి చూశాకే గుహలోకి వెళ్లండి. అత్తరు, సెంటు, పొగ తేనెటీగలను రెచ్చగొడతాయి. కోతుల దగ్గర ప్లాస్టిక్ సంచీ చేతిలో వేలాడనివ్వకండి.

అరిగిపోయిన విగ్రహం జైనుడిదా బుద్ధుడిదా అని తేల్చుకోవడానికి కొన్ని గుర్తులు. నిలబడి, చేతులు రెండూ నిటారుగా వేలాడుతూ తొడలకు ఆనకుండా ఉంటే అది కాయోత్సర్గమనే నిలుచున్న ధ్యాన భంగిమ, విగ్రహం తీర్థంకరుడిది, అంటే జైనులు కొలిచే గురువుది. దిగంబర విగ్రహం మీద గుడ్డ అంచు గీత ఎక్కడా ఉండదు. బుద్ధుడికైతే మెడ దగ్గరో చీలమండ దగ్గరో చీవరం (భిక్షువు కప్పుకునే వస్త్రం) అంచు ఎంత అరిగినా సన్నగా దొరుకుతుంది. కూర్చున్న విగ్రహంలో కుడిచేయి నేలను తాకుతుంటే బుద్ధుడే. తీర్థంకరుడి చేతులు ఒడిలోనే ఉంటాయి. తల మీద మూడు గొడుగులు తీర్థంకరుడికి. ఏడు పడగల పాము నీడ పడితే పార్శ్వనాథుడు, భుజాల మీదికి జుట్టు జారితే ఋషభనాథుడు. మిగతావాళ్లను పీఠం మీద చెక్కే లాంఛనంతో, అంటే ఒక్కొక్కరికీ ఉండే గుర్తుతో, గుర్తుపట్టాలి, మహావీరుడికి సింహం. పీఠం మట్టిలో కూరుకుపోయి ఉంటే తవ్వకండి, ‘తీర్థంకరుడు, పేరు తేలలేదు’ అని రాసుకుని వచ్చేయండి.

మధ్యాహ్నం కిందికి దిగాక సమయం మిగిలితే నెల్లిమర్ల మండలంలోనే సారిపల్లి దిబ్బేశ్వర ఆలయానికి వెళ్లండి. చిన్న గుడి, కళింగ పద్ధతి. ముఖలింగంలో నేర్చుకున్నది ఎంత గుర్తుందో తేలిపోతుంది.

పొలంలో రాయి కనబడితే

ఈ జిల్లాల్లో చెట్టు కింద, చెరువు గట్టున, పొలం గెట్టు మీద పాత విగ్రహాలు ఇప్పటికీ కనబడతాయి. వాటిని కదల్చకూడదు. ఉన్న చోటే నాలుగు వైపులా ఫొటోలు తీసి, స్కేలు పెట్టి కొలిచి, ఫోన్‌లో ఆ చోటు గుర్తు వేసుకోండి. ఊరివాళ్లు పసుపు కుంకుమ పెట్టి ఏ పేరుతో కొలుస్తున్నారో అడిగి ఆ పేరు కూడా రాసుకోండి, అది చెరిపేయాల్సిన తప్పు కాదు. గ్రామ సచివాలయంలోనో తహసీల్దారు దగ్గరో రాతపూర్వకంగా చెప్పి, ఒక కాపీ పురావస్తు శాఖకు పంపండి. కచ్చితమైన చోటును నలుగురికీ తెలిసేలా ఆన్‌లైన్‌లో పెట్టకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పాత విగ్రహాల అమ్మకానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం నేరం. అయినా దొంగలు ముందు చూసేది ఆన్‌లైన్‌లో అలా పెట్టిన ఫొటోలనే.